స్టెరాయిడ్ ఆపిన తర్వాత నీరసం: అడ్రినల్ గ్రంథులు మందగించాయో లేదో ముందే లెక్కగట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. చాలా ఏళ్లుగా ఉబ్బసం ఉంది. ఈసారి బాగా ముదరడంతో రోజుకు 40 మి.గ్రా. ప్రెడ్నిసలోన్ చొప్పున 14 రోజులు వాడి, డాక్టరు గారు చెప్పినట్టే ఒక్కసారిగా ఆపేశాను. ఆపి 8 రోజులైంది. గత పది నెలల్లో ఇదే మోతాదులో వారం రోజుల కోర్సులు మరో రెండు వాడాను. ఫ్లూటికసోన్ ఇన్‌హేలర్ పొద్దున 500, రాత్రి 500 మైక్రోగ్రాములు పీలుస్తాను. గర్భనిరోధక మాత్రలు కూడా వేసుకుంటున్నాను. నాలుగు రోజులుగా నీరసం, ఒళ్లు నొప్పులు. తిండి సయించడం లేదు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. భయం వేసి సాయంత్రం 4 గంటలకు కార్టిసాల్ పరీక్ష చేయించుకుంటే 4.2 వచ్చింది. రిపోర్టులో ‘తక్కువ’ అని రాశారు. ఇంకో 20 రోజుల్లో పిత్తాశయం ఆపరేషన్ ఉంది. మూడు వారాల లోపు వాడితే ఏమీ కాదని ఒకరు, మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందని మరొకరు అంటున్నారు. మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు దాటితే అడ్రినల్ గ్రంథులు పనిచేయడం మానేస్తాయి? ముందే తెలుసుకునే లెక్క ఏదైనా ఉందా?

సమాధానం: ఒక మనిషి విషయంలో కచ్చితంగా చెప్పగల లెక్క లేదు. మోతాదును రోజులతో గుణిస్తే వచ్చే అంకె ఎవరిని అనుమానించాలో చెబుతుంది. ఆ అనుమానం నిజమో కాదో తేల్చదు. అది తేల్చాలంటే సరైన వేళకు తీసిన రక్తం కావాలి. మీరు చేయించుకున్న పరీక్ష ఆ వేళకు జరగలేదు కాబట్టి ఆ 4.2 చూసి భయపడనక్కరలేదు. అయితే మీ లక్షణాలను, ముందున్న ఆపరేషన్‌ను బట్టి ఒకటి రెండు రోజుల్లోనే సరైన పరీక్ష చేయించుకోవాలి.

దానికన్నా ముందు అత్యవసరమైన మాట ఒకటి. వాంతులు ఆగకపోయినా, స్పృహ తప్పినా, మగతగా ఉండి మాట తడబడినా, జ్వరంతో పాటు పై బీపీ 100 లోపుకి పడిపోయినా పరీక్ష కోసం ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, ‘ఈ మధ్యే స్టెరాయిడ్ ఆపాను, అడ్రినల్ లోపం ఉందేమోనని అనుమానం’ అని మొదటి మాటగా చెప్పండి. అక్కడ చేయాల్సిన పని రెండు ముక్కల్లో ఉంటుంది: హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌నే మందుగా చేసినది) 100 మి.గ్రా. నరంలోకో కండకో ఇంజెక్షన్, దానితో పాటు మొదటి గంటలో సుమారు ఒక లీటరు సెలైన్. కార్టిసాల్ కోసం రక్తం ముందే తీసి పెట్టుకోవచ్చు గానీ, రిపోర్టు వచ్చేదాకా ఇంజెక్షన్ ఆపకూడదు. అవసరం లేకుండా ఒక్క డోసు పడితే పెద్ద నష్టం జరగదు. అవసరమైనప్పుడు పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అసలు విషయం. కార్టిసాల్‌ను తయారుచేసేవి కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు. అవి సొంతంగా పనిచేయవు. మెదడులోని హైపోథాలమస్ దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, దాన్ని అందుకుని అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ చేస్తాయి. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉంటే పైనుంచి కబురు ఆగిపోతుంది. మనం మింగే ప్రెడ్నిసలోన్‌ను కూడా మెదడు కార్టిసాల్‌గానే లెక్కేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం రోజుకు చేసుకునే కార్టిసాల్ సుమారు 10 మి.గ్రా. లోపే. మాత్రల లెక్కలో అది 4 నుంచి 6 మి.గ్రా. ప్రెడ్నిసలోన్‌తో సమానం. మీరు వేసుకున్నది రోజుకు 40. ఆ 14 రోజులూ పైనుంచి కబురు దాదాపు రాలేదనే అనుకోవాలి. అందులో వింతేమీ లేదు, ఆ మందు వేసుకున్న ప్రతి ఒక్కరిలో జరిగేదే. మందు ఆపాక ఆ కబురు ఎంత త్వరగా మళ్లీ మొదలవుతుంది, అది వచ్చేసరికి గ్రంథి ఎంత చురుగ్గా ఉంది అన్నదే మనిషి మనిషికీ మారుతుంది.

కొద్ది రోజుల కోర్సుల్లో మందగించేది ముఖ్యంగా పైనున్న హైపోథాలమస్, పిట్యూటరీలే. అడ్రినల్ గ్రంథి కుంచించుకుపోవాలంటే ఏసీటీహెచ్ చాలా వారాలు అందకుండా ఉండాలి. అందుకే చిన్న కోర్సుల తర్వాత ఎక్కువ మంది కొన్ని రోజుల్లోనే కోలుకుంటారు. నెలలూ ఏళ్లూ వాడినవారిలో ముందు పిట్యూటరీ లేస్తుంది. ఏసీటీహెచ్ మామూలు కన్నా ఎక్కువే వస్తున్నా, కుంచించుకుపోయిన గ్రంథి దాన్ని అందుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది.

మీరు అడిగిన లెక్కను పరిశోధకులు నిజంగానే వెతికారు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 279 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. వాళ్లు స్టెరాయిడ్లు వాడిన కాలం వారం నుంచి ఏళ్ల దాకా ఉంది. మోతాదును బట్టి గానీ, వాడిన కాలాన్ని బట్టి గానీ ఎవరి పిట్యూటరీ-అడ్రినల్ వ్యవస్థ ఎలా స్పందిస్తుందో నమ్మకంగా చెప్పలేమని తేలింది. మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది 2000లో లాన్సెట్‌లో వచ్చిన స్విస్ వైద్యుల అధ్యయనం. అందులో 75 మంది రోజుకు కనీసం 25 మి.గ్రా. ప్రెడ్నిసోన్‌తో సమానమైన స్టెరాయిడ్‌ను 5 నుంచి 30 రోజులు వాడి ఆపేశారు. ఆపగానే పరీక్షిస్తే 34 మందిలో, అంటే 45 శాతంలో, అడ్రినల్ స్పందన తగ్గి ఉంది. ఎక్కువ మందిలో అది 14 రోజుల్లో క్రమంగా సర్దుకుంది. ఇద్దరిలో మాత్రం ఆరు నెలల దాకా సాగింది. ఎవరిలో తగ్గుతుందో ముందే చెప్పే గుర్తు మోతాదులోనూ దొరకలేదు, రోజుల సంఖ్యలోనూ దొరకలేదు.

ఆ 45 శాతం అంకెను సరిగ్గా అర్థం చేసుకోవాలి. అది పరీక్షలో కనిపించిన మందగింపు మాత్రమే, అంతమందీ జబ్బుపడ్డారని కాదు. ఇంట్లో మామూలుగా తిరిగే మనిషికి కొద్దిపాటి కార్టిసాల్ సరిపోతుంది. తీవ్రమైన జ్వరం, ఆపరేషన్, ప్రమాదం, విరేచనాలు వంటివి వచ్చినప్పుడు శరీరం దాన్ని ఎన్నో రెట్లు పెంచుకోవాలి. పెంచుకోలేకపోవడంలోనే ప్రమాదం ఉంది. అది ఊహించి చెప్పిన మాట కాదు. కార్టిసోన్‌ను మొదటిసారి రోగికి ఇచ్చింది 1948లో. నాలుగేళ్లు తిరక్కుండానే, 1952లో, దాన్ని వాడుతూ ఆపరేషన్‌కు వెళ్లిన ఒక రోగి కోలుకోలేని షాక్‌తో చనిపోయాడని, అతని అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోయి ఉన్నాయని వైద్య పత్రికలో నివేదించారు. ఆపరేషన్ ముందు స్టెరాయిడ్ చరిత్ర అడిగే అలవాటు అప్పటి నుంచే బలపడింది.

ఒకే మోతాదు ఇద్దరిలో రెండు రకాలుగా ఎందుకు పనిచేస్తుంది? మొదటి కారణం కాలేయం. ప్రెడ్నిసలోన్‌ను శరీరం నుంచి తొలగించే వేగం మనిషికీ మనిషికీ చాలా తేడా. నెమ్మదిగా తొలగించేవారిలో 40 మి.గ్రా. మాత్ర రక్తంలో ఎక్కువసేపు ఉండి అంతకన్నా పెద్ద మోతాదులా పనిచేస్తుంది. రెండోది వేసుకునే వేళ. ఏసీటీహెచ్ తెల్లవారుజామున ఉప్పొంగుతుంది. పొద్దున వేసుకున్న మాత్ర ప్రభావం అప్పటికి కొంత తగ్గి ఉంటుంది. రాత్రి వేసుకున్నది సరిగ్గా ఆ ఉప్పెనకే అడ్డుపడుతుంది. ఒకే మోతాదును రోజంతా మూడు పూటలుగా పంచినా అదే ఇబ్బంది. మూడోది మందు రకం. ప్రెడ్నిసలోన్ 5 మి.గ్రా., మిథైల్‌ప్రెడ్నిసలోన్ 4, డిఫ్లజకార్ట్ 6, డెక్సామెథసోన్ 0.75, హైడ్రోకార్టిసోన్ 20 వాపును తగ్గించడంలో సుమారుగా సమానం. కానీ డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఒక్క డోసుతోనే ఒకటిన్నర నుంచి రెండు రోజులు పిట్యూటరీని అణచి ఉంచుతాయి. కాబట్టి ‘0.5 మి.గ్రా. చిన్న మాత్రే కదా’ అని తీసిపారేయకూడదు.

లెక్కలోకి రాకుండా తప్పించుకునేవి ఇంకా ఉన్నాయి. కీలు నొప్పికి మోకాల్లోకో భుజంలోకో ఇచ్చిన ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్ కొన్ని వారాల పాటు నెమ్మదిగా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. చర్మానికి విస్తారంగా రాసే క్లోబెటసాల్, ముక్కులో వేసుకునే బీటామెథసోన్ చుక్కలు, పేరూ మోతాదూ రాయని పొట్లాల మందులు, వీటిని చాలామంది డాక్టరుకు చెప్పరు, స్టెరాయిడ్ అనుకోరు కాబట్టి. మీ విషయంలో ఇన్‌హేలర్ మరీ ముఖ్యం. రోజుకు 1000 మైక్రోగ్రాముల ఫ్లూటికసోన్ పెద్దలకు ఎక్కువ మోతాదు కిందే లెక్క. అంత మోతాదు నెలల తరబడి వాడితే కొందరిలో అదొక్కటే అడ్రినల్‌ను నెమ్మదింపజేస్తుంది. ఇట్రాకొనజోల్, కీటొకొనజోల్ లాంటి ఫంగస్ మందులు, రిటొనావిర్ లాంటి వైరస్ మందులు తోడైతే మరీ కష్టం. స్టెరాయిడ్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి. అప్పుడు మామూలు ఇన్‌హేలర్ మోతాదు కూడా రోజూ మాత్ర మింగినట్టవుతుంది. ఈ మధ్య ఫంగస్ మందు ఏదైనా వాడారేమో గుర్తుచేసుకోండి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఈ కోర్సు 560 మి.గ్రా., అంతకుముందు రెండు వారాలు కలిపి మరో 560, పది నెలల్లో మొత్తం 1,120 మి.గ్రా. దానిమీద నిత్యం ఫ్లూటికసోన్. ఒక్క 14 రోజుల కోర్సు మాత్రమే అయి ఉంటే, లక్షణాలూ లేకపోతే, పరీక్షే అవసరం లేదని చెప్పేవాళ్లం. ‘మూడు వారాల లోపు ఏమీ కాదు’ అన్న మాటకు మూలం అదే. 2024లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోక్రైనాలజీ, అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మూడు నాలుగు వారాల లోపు వాడినవారు, మోతాదు ఎంతైనా, తగ్గించుకుంటూ రాకుండా ఆపవచ్చని, పరీక్షలు అక్కర్లేదని చెబుతాయి. అది ఒంటరి కోర్సుకు చెప్పిన మాట. ఏడాదిలో పదేపదే కోర్సులు పడినవారిని, ఎక్కువ మోతాదు ఇన్‌హేలర్ వాడేవారిని, ఆపాక లక్షణాలు కనిపించినవారిని ఆ ధీమాలో కలపకూడదు. మీలో ఆ మూడూ ఉన్నాయి.

మెల్లగా తగ్గించి ఉంటే బాగుండేదా? మీ బాధ అడ్రినల్ మందగింపే అనుకున్నా, జవాబు కాదనే. 40 నుంచి 30, 20, 10 అని మెట్లు దిగినా, ఆ మెట్లన్నీ శరీరానికి సహజంగా కావాల్సిన 4-6 మి.గ్రా. కన్నా పైనే ఉన్నాయి. 10 మి.గ్రా. దగ్గర కూడా మెదడు కబురు పంపదు. అలా చేస్తే మీరు స్టెరాయిడ్ వాడిన రోజులు 14కు బదులు 24 అయ్యేవి, అంతే. చిన్న కోర్సుల్లో నెమ్మదిగా తగ్గించడం జబ్బు తిరగబెట్టకుండా ఉండేందుకే గానీ గ్రంథిని లేపడానికి కాదు. మీ డాక్టరు ఒక్కసారిగా ఆపమనడం తప్పు కాదు.

సాయంత్రం వచ్చిన 4.2 సంగతి. కార్టిసాల్ పొద్దున 6-8 గంటల ప్రాంతంలో అత్యధికంగా ఉండి, రోజు గడిచేకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. సాయంత్రం 4 గంటలకు 4.2 మైక్రోగ్రాములు ఆరోగ్యవంతుల్లోనూ కనిపించే అంకె. లేబొరేటరీ బహుశా పొద్దుటి పరిధితో పోల్చి ‘తక్కువ’ అని రాసి ఉంటుంది. ఆ రిపోర్టు లోపం ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు.

మళ్లీ పరీక్ష ఇలా చేయించుకోండి. పొద్దున 8-9 గంటల మధ్య రక్తం ఇవ్వాలి. ముందు రాత్రి మామూలు వేళకు నిద్రపోయి ఉండాలి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారైతే వాళ్లు నిద్రలేచే వేళే వాళ్లకు ‘పొద్దున’. ప్రెడ్నిసలోన్ వేసుకుంటూ ఈ పరీక్ష చేయిస్తే చాలా పద్ధతుల్లో యంత్రం దాన్నే కార్టిసాల్ అనుకుని ఎక్కువ చూపిస్తుంది. మీరు ఆపి 8 రోజులైంది కాబట్టి ఆ చిక్కు లేదు. డెక్సామెథసోన్ వాడినవారిలో దీనికి తిరగబడుతుంది: అది పరీక్షలో కనబడదు, కానీ అసలు కార్టిసాల్‌ను పడగొడుతుంది. హైడ్రోకార్టిసోన్ వాడుతుంటే పరీక్షకు 24 గంటల ముందు నుంచి వేసుకోకూడదు. జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాలను తప్పుదోవ పట్టిస్తాయి, రెండు మూడు రోజుల ముందే ఆపండి. ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. పరీక్ష కోసం ఉబ్బసాన్ని మళ్లీ రేపుకోవడం ఏ విధంగానూ మంచిది కాదు. అదే రక్తంలో సోడియం, పొటాషియం, షుగర్ కూడా చూడమనండి.

ఫలితాన్ని చదివే పద్ధతి: డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే, అంటే లీటరుకు 300 నానోమోల్స్‌కు పైన ఉంటే, వ్యవస్థ కోలుకుందని మామూలుగా ధైర్యం చెప్పవచ్చు. 5 లోపు, అంటే 150 నానోమోల్స్ లోపు ఉంటే, ఇంకా మందగించి ఉందని నడుచుకోవాలి. 3 లోపైతే సందేహానికి చోటు చాలా తక్కువ. 5-10 మధ్య వస్తే ఎటూ తేలనట్టే. రిపోర్టు ఏ కొలమానంలో ఉందో ముందు చూసుకోండి. 280 నానోమోల్స్‌కూ 28 మైక్రోగ్రాములకూ పొరబడితే నిర్ణయం తలకిందులవుతుంది.

మీకు మరో మెలిక ఉంది, గర్భనిరోధక మాత్ర. అందులో ఈస్ట్రోజెన్ ఉంటే, కాలేయం కార్టిసాల్‌ను మోసే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. పరీక్ష కొలిచేది ఆ ప్రోటీన్‌కు అంటుకున్నదాన్ని కూడా కలిపి, అందువల్ల అంకె ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. శుద్ధమైన ఫలితం కావాలంటే ఆ మాత్ర సుమారు ఆరు వారాలు ఆపాలి. మీకు అంత వ్యవధి లేదు. కాబట్టి ఇలా చదవండి: అంకె తక్కువగా వస్తే దాన్ని పూర్తిగా నమ్మండి, ఎందుకంటే అసలు స్థాయి అంతకన్నా తక్కువే. 12, 14 లాంటి అంకె వస్తే మాత్రం దాన్ని ‘బాగుంది’ అని తీసుకోకండి, ‘తేలలేదు’ అనే తీసుకోండి. ప్రొజెస్టెరాన్ రకం మాత్రమే ఉన్నవైతే ఈ గొడవ లేదు. మాత్రల డబ్బాను డాక్టరుకు చూపించండి. ఈస్ట్రోజెన్ ఉన్నదైతే ఆపరేషన్ సమయంలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఆపాలా వద్దా అన్నది సర్జన్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోండి, ఆపితే వేరే గర్భనిరోధక పద్ధతి చూసుకోవాలి.

మధ్యస్థంగా వచ్చినప్పుడు సినాక్తెన్ పరీక్ష చేయిద్దామంటారు. కృత్రిమ ఏసీటీహెచ్ 250 మైక్రోగ్రాములు ఇంజెక్షన్ ఇచ్చి, ముందు ఒకసారి, 30 నిమిషాలకు, కొన్నిచోట్ల 60 నిమిషాలకు రక్తం తీస్తారు. అత్యధిక విలువ 18 మైక్రోగ్రాములు దాటాలన్నది పాత పద్ధతుల హద్దు. కొత్త యంత్రాల్లో 15 దరిదాపుల్లో పెడతారు. మీ లేబొరేటరీ హద్దెంతో వాళ్లనే అడగాలి. చిన్న కోర్సుల తర్వాత ఈ పరీక్షకు ఒక పెద్ద లొసుగుంది, అది చాలామందికి తట్టదు. ఇంజెక్షన్ నేరుగా అడ్రినల్‌ను తట్టి లేపుతుంది. కొద్ది రోజుల్లో కుంచించుకుపోని గ్రంథి ఆ పెద్ద మోతాదుకు చక్కగా స్పందించవచ్చు. కానీ నిజజీవితంలో ఆ కబురు పంపాల్సిన పిట్యూటరీ ఇంకా లేవకపోయి ఉండవచ్చు. అందుకే ఆపిన మొదటి రెండు మూడు వారాల్లో సినాక్తెన్ ‘నార్మల్’ వచ్చి, పొద్దుటి కార్టిసాల్ మాత్రం తక్కువగా ఉంటే, పొద్దుటి అంకెకే ఎక్కువ విలువివ్వాలి. పైన చెప్పిన స్విస్ అధ్యయనంలో 250కి బదులు 1 మైక్రోగ్రామే వాడారు. కొద్దిపాటి మందగింపును చిన్న మోతాదే బాగా పట్టిస్తుందన్న ఆలోచనతో చేసే పరీక్ష అది. అయితే అంత చిన్న మోతాదును సరిగ్గా పలచన చేసి ఇవ్వడం కష్టం. సిరంజి గొట్టానికి కొంత అంటుకుపోయినా ఫలితం తప్పుతుంది.

మీ లక్షణాలన్నిటినీ అడ్రినల్ ఖాతాలోనే వేయకూడదు. ఒంట్లో కార్టిసాల్ మామూలుగానే ఉన్నా, ఎక్కువ మోతాదుకు అలవాటుపడిన శరీరం అది తగ్గగానే నీరసం, కీళ్లూ కండరాల నొప్పులు, దిగులు చూపించవచ్చు. అది స్టెరాయిడ్ ఉపసంహరణ బాధ, రోజులు గడిచేకొద్దీ పోతుంది. ఉబ్బసం తిరగబెట్టడం, దాన్ని రేపిన వైరస్ జ్వరం, షుగర్ పెరగడం, పిత్తాశయంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఆలోచించాలి. అన్నింట్లో నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది లేచి నిలబడితే కళ్లు తిరగడం గురించే. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూసుకోండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే అది రాసిపెట్టుకుని డాక్టరుకు చూపండి. పొటాషియం మామూలుగా ఉంది కాబట్టి అడ్రినల్ లోపం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఉప్పునీ పొటాషియంనీ చూసుకునే ఆల్డోస్టెరాన్ ఏసీటీహెచ్ మీద పెద్దగా ఆధారపడదు. అందువల్ల స్టెరాయిడ్ వల్ల వచ్చిన లోపంలో పొటాషియం పెరగదు, చర్మం నల్లబడదు. సోడియం మాత్రం తగ్గవచ్చు.

పొద్దుటి అంకె 5 లోపు వస్తే, లేదా 5-10 మధ్య ఉండి ఈ లక్షణాలు సాగుతుంటే, డాక్టరు పర్యవేక్షణలో సహజ మోతాదులో హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టడం సరైన పని. రోజుకు 15-20 మి.గ్రా.; ఉదాహరణకు లేవగానే 10, మధ్యాహ్నం 5, కావాలంటే సాయంత్రం 4 లోపు మరో 5. రాత్రి వేసుకోకూడదు, తెల్లవారుజామున పిట్యూటరీ లేవడానికి ఖాళీ ఉంచాలి. సహజ మోతాదు మించకపోతే గ్రంథి కోలుకోవడానికి ఇది అడ్డం కాదు. నాలుగు వారాలకోసారి, 24 గంటలు మాత్ర ఆపి, పొద్దుటి కార్టిసాల్ చూసి, 10 దాటాక మానేస్తారు. లక్షణాలు తగ్గాయి కదా అని మీ అంతట మీరు ఆపవద్దు. నీరసం తగ్గలేదని మోతాదు పెంచుకోవడం అంతకన్నా చెరుపు.

ఆపరేషన్ గురించి. వాయిదా వేయాల్సిన పని సాధారణంగా ఉండదు, కానీ మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. ఆ ముందు రోజు సాయంత్రం వార్డులో కాదు, ఈ వారంలోనే చెప్పండి. గత ఏడాదిలో వాడిన కోర్సుల తేదీలు, మోతాదులు, ఇన్‌హేలర్ పేరు, పొద్దుటి కార్టిసాల్ అంకె ఒకే కాగితం మీద రాసివ్వండి. లోపం ఉన్నా, ఉందో లేదో తేలకపోయినా, పద్ధతి ఒకటే: మత్తు ఇచ్చేటప్పుడు హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా., తర్వాత 24 గంటల్లో 200 మి.గ్రా. సెలైన్‌లో కలిపి గానీ, ఆరు గంటలకోసారి 50 మి.గ్రా. గానీ. నోటితో తినగలిగాక రెండు రోజులు రెట్టింపు మాత్రలు, ఆ తర్వాత మామూలు మోతాదు. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా మత్తు డాక్టర్లు డెక్సామెథసోన్ 6-8 మి.గ్రా. ఇస్తుంటారు. అది ఇస్తే ఆ 24 గంటలకూ వేరే హైడ్రోకార్టిసోన్ అక్కర్లేదు. వాళ్లకు ఈ సంగతి తెలుసు, అయినా అడిగి రాయించుకోండి. ఎందుకంటే మర్నాడు బీపీ పడిపోతే వార్డులో ఉన్నవారు రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ మాత్రమే వెతుకుతారు, కార్టిసాల్ వాళ్లకు తట్టకపోవచ్చు. సెలైన్ పెట్టినా ఎక్కని బీపీ దానికి గుర్తు.

పొద్దుటి అంకె నమ్మకంగా 10 దాటేవరకు జ్వరం వచ్చిన రోజుల్లో జాగ్రత్త వేరు. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం వస్తే, హైడ్రోకార్టిసోన్ వాడుతున్నవారు ఆ రెండు మూడు రోజులు మోతాదును రెట్టింపు చేసుకోవాలి. ఏమీ వాడనివారు ఎంత వేసుకోవాలో ముందుగానే డాక్టరుతో రాయించుకుని, మాత్రలు ఇంట్లో ఉంచుకోవాలి. రోజుకు 10 మి.గ్రా. లేదా ఎక్కువ ప్రెడ్నిసలోన్ అప్పటికే వేసుకుంటున్నవారికి సాధారణ జ్వరానికి అదే సరిపోతుంది. మాత్ర వేసుకున్న అరగంటలో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి, అదీ నిలవకపోతే ఇంజెక్షనే దారి.

ఇక ఈ చిక్కు మళ్లీ రాకుండా చూసుకోవాలంటే కోర్సుల సంఖ్య తగ్గాలి. పది నెలల్లో మూడుసార్లు మాత్రల స్టెరాయిడ్ పడిందంటే ఉబ్బసం అదుపులో లేనట్టే. దాన్ని అడ్రినల్ సమస్య కన్నా ముందు పట్టించుకోవాలి. ఇన్‌హేలర్ పీల్చే పద్ధతిని డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించండి. మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా గొంతులో మిగిలిపోవడం చాలామందిలో జరిగేదే. స్ప్రే రకమైతే స్పేసర్ (స్ప్రేకి తగిలించే గొట్టం) అడగండి. పీల్చాక పుక్కిలించడం మంచిదే, నోట్లో ఫంగస్ రాదు. కానీ ఫ్లూటికసోన్ మింగినది దాదాపుగా కాలేయం దగ్గరే ఖర్చయిపోతుంది. రక్తంలోకి చేరేది ఊపిరితిత్తుల నుంచే కాబట్టి పుక్కిలించినంత మాత్రాన అడ్రినల్‌కు రక్షణ లేదు. అదుపు కుదిరాక ఆ 1000 మైక్రోగ్రాములను మెట్టు మెట్టుగా తగ్గించడం, స్టెరాయిడ్ కాని మందులు జోడించడం గురించి ఛాతీ డాక్టరుతో మాట్లాడండి. మళ్లీ మాత్రల కోర్సు తప్పకపోతే మొత్తం మోతాదు పొద్దున ఒకేసారి వేసుకోండి, అవసరమైనన్ని రోజులే వాడండి. అలాగని ఊపిరి ఆడని రోజున అడ్రినల్ భయంతో స్టెరాయిడ్ మానుకోవద్దు.

పర్సులో ఒక చీటీ పెట్టుకోండి. దాని మీద ఇలా రాయండి: ‘ఉబ్బసానికి ఏడాదిలో మూడుసార్లు ప్రెడ్నిసలోన్ వాడాను, చివరిది 40 మి.గ్రా. 14 రోజులు, ఆపిన తేదీ ఇది. ఫ్లూటికసోన్ రోజుకు 1000 మైక్రోగ్రాములు. అడ్రినల్ మందగింపు ఉండవచ్చు. వాంతులు, షాక్, స్పృహ తప్పడం ఉంటే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇవ్వండి.’ పొద్దుటి కార్టిసాల్ చేయించిన తేదీ, అంకె, ఏ కొలమానమో కింద చేర్చండి. తర్వాతి పరీక్ష ఎప్పుడో కూడా అక్కడే రాసుకోండి.